పరిధి దాటి వచ్చిన ఫ్లైక్యాచర్: రికార్డు నిలబడాలంటే ఏమేం కావాలి?

కంపచెట్టు:

అందరికీ నమస్కారం. టైగా ఫ్లైక్యాచర్ (పురుగులు తినే చిన్న పిట్ట) అనిపిస్తున్నది ఒకటి మూడు రోజులుగా ఒకే చోట తిరుగుతోంది. ఈ జాతి శీతాకాలపు పరిధికి ఈ చోటు బాగా బయట. ఇక్కడ మామూలుగా కనిపించేది రెడ్-బ్రెస్టెడ్ ఫ్లైక్యాచర్ ఒక్కటే.

పిట్ట గొంతు మీద ఎరుపు లేదు. పైభాగం బూడిద కలిసిన గోధుమ రంగు. తోక నలుపు, మొదట్లో రెండు పక్కలా తెలుపు. కొమ్మ మీద వాలినప్పుడల్లా తోక పైకెత్తి మెల్లగా దించుతోంది. పొడిగా గరగరమనే కూత. నా దగ్గర 23 ఫొటోలున్నాయి, పనికొచ్చేవి నాలుగు. ఫోన్‌లో తీసిన 40 సెకన్ల ఆడియో ఉంది. కూత విని పిట్ట పేరు చెప్పే మెర్లిన్ యాప్ రెండుసార్లు టైగా పేరే చూపింది. చూసిన పిట్టల్ని నమోదు చేసే ఈబర్డ్ సైటులో పెడితే అరుదైనది, వివరాలివ్వండి అని అడుగుతోంది.

నా సందేహాలు ఇవి. ఈ ఫొటోలు చాలతాయా, ఇంకా ఏ భాగాలు తీయాలి? చీకటిగా వచ్చినవాటికి వెలుతురు పెంచి, షార్ప్ చేసి పెట్టొచ్చా? యాప్ చెప్పిన పేరుకు ఎంత విలువ? వివరాల పెట్టెలో అసలేం రాయాలి? "స్పష్టంగా కనిపించింది" అంటే సరిపోదని మాత్రం అర్థమైంది. చివరిగా, చోటు అందరికీ చెప్పొచ్చా?

తెల్లరెప్ప:

కంపచెట్టు గారూ, ముందుగా ఒక మాట. మీరు పైన రాసిన గుర్తుల్లో ఒక్కటి కూడా ఈ రెండు జాతుల్ని విడదీయదు. తోక మొదట్లో తెలుపు రెండిటికీ ఉంటుంది. తోక ఎత్తడం రెండూ చేస్తాయి. గరగర కూత రెండిటిదీ. అంటే పిట్ట టైగా కాదని నేను అనడం లేదు. ఇప్పుడున్న వర్ణనతో అది రెడ్-బ్రెస్టెడ్ కాదని ఎవరూ అనలేరు, అంతే. ఈ రెండిటినీ ఒకే జాతిగా లెక్కగట్టిన కాలం ఎంతో దూరం పోలేదు. అప్పటి నోట్సు చాలావరకు ఇలాగే ఉన్నాయి, ఇప్పుడు వాటిని ఏ జాతి కిందా వేయలేకపోతున్నాం.

పిట్ట ఇంకా అక్కడే ఉందన్నారు, అదే మీ అదృష్టం. రేపు వెళ్లినప్పుడు ఫీల్డ్ గైడ్ తెరవకుండా, తీసిన ఫొటోలు కూడా చూడకుండా, కంటికి కనిపించింది కనిపించినట్టు కాగితం మీద రాయండి. గైడ్ చదివాక రాస్తే, చూడని గుర్తులు కూడా చూసినట్టే జ్ఞాపకంలో వచ్చి కూర్చుంటాయి. "తోకపై ఈకలు కారునలుపు" అని ఒకసారి చదివాక పిట్టను చూస్తే కారునలుపే కనిపిస్తుంది. వర్ణన చదివేవాళ్లు మొదట పట్టుకునేది ఇదే: ఇది పిట్టను చూసి రాసిందా, పుస్తకం చూసి రాసిందా?

నోట్సులో తేదీ, ఎప్పటి నుంచి ఎప్పటి దాకా చూశారు, అందులో పిట్ట నిజంగా కంటికి ఆనింది ఎన్ని నిమిషాలు, ఎంత దూరం నుంచి, ఏ బైనాక్యులర్‌తో, సూర్యుడు మీకు ఎటువైపు, ఇంకెవరు చూశారు, వాళ్లు విడిగా ఏమనుకున్నారు, ఇవన్నీ ఉండాలి. దూరం ఉజ్జాయింపుగా వేయకండి. పిట్ట ఎగిరిపోయాక ఆ కొమ్మ దాకా అడుగులు లెక్కపెట్టండి. సెంటీమీటర్లలో సైజు ఎప్పుడూ రాయకండి, ఆ అంకె ఎవరికీ పనికిరాదు. పక్కనే వాలిన తెలిసిన పిట్టతో పోల్చండి. అలాంటిదేదీ లేకపోతే, పిట్ట వెళ్లాక అది కూర్చున్న కొమ్మ దగ్గర స్కేలు పెట్టి, మీరు ముందు నిల్చున్న చోటి నుంచే, అదే జూమ్‌తో ఇంకో ఫొటో తీయండి.

చూడలేకపోయినవి కూడా రాయండి. "కింది ముక్కు మొదలు కనబడలేదు" అన్న వాక్యం రికార్డును బలహీనపరచదు, మిగతా వాక్యాల మీద నమ్మకం పెంచుతుంది. తర్వాత విడిగా ఇంకో పేరాలో, ఇది టైగా అని ఎందుకు అనుకుంటున్నారు, రెడ్-బ్రెస్టెడ్ ఎందుకు కాదు అన్నది రాయండి. చూసింది ఒక పేరా, తేల్చింది ఇంకో పేరా. ఈ రెండూ కలిసిపోయిన వర్ణనలే ఎక్కువగా వెనక్కి వస్తాయి, ఎందుకంటే చదివేవాళ్లకు మీ కన్ను ఎక్కడ ఆగిందో, మీ ఊహ ఎక్కడ మొదలైందో తెలియదు.

ఇక గుర్తులు. అన్నిటికంటే గట్టిది తోకపై ఈకలు, అంటే తోక మొదట్లో పైన కప్పినట్టుండే పొట్టి ఈకలు. టైగాలో అవి కారునలుపు, తోక నడిమి ఈకలంత నలుపు లేదా అంతకంటే ఎక్కువ. రెడ్-బ్రెస్టెడ్‌లో తోకే ఎక్కువ నలుపు, ఆ పైఈకలు కాస్త బూడిదగానో గోధుమగానో తేలిపోతాయి. కాబట్టి చూడాల్సింది అవి నల్లగా ఉన్నాయా అని కాదు, తోకతో పోలిస్తే ఎలా ఉన్నాయి అని. రెండూ ఒకే ఫొటోలో, ఒకే వెలుతురులో, వీపు మనవైపు ఉండగా రావాలి. పిట్ట రెక్కలు దించుకుని తోక ఎత్తినప్పుడే ఆ భాగం బయటపడుతుంది. రెక్కలు ముడుచుకుని నిటారుగా కూర్చుంటే రెక్క కొనలు దాన్ని కప్పేస్తాయి. తోక ఎత్తే క్షణం కోసం కెమెరాను బర్స్ట్‌లో (వరసగా ఫొటోలు పడేలా) పెట్టుకుని కాచుకోండి.

రెండోది ముక్కు. టైగాకు పూర్తిగా నలుపు. రెడ్-బ్రెస్టెడ్‌కు కింది ముక్కు మొదలు లేత రంగు. ఇది పక్క నుంచి, కాస్త కింద నుంచి తీస్తే తెలుస్తుంది. దీన్నొక్కదాన్నే నమ్ముకోవద్దు. కొన్ని టైగాలకు మొదట్లో కొద్దిగా లేత ఛాయ ఉంటుంది, కొన్ని రెడ్-బ్రెస్టెడ్‌లకు ముక్కు ముదురుగానే ఉంటుంది. వెలుతురు ఎక్కువైతే నల్లముక్కు మీద మెరుపు పడి లేత రంగనిపిస్తుంది కూడా. మూడోది రొమ్ము రంగు: టైగాది చల్లని బూడిద ఛాయ, గొంతు దగ్గర తెలుపు విడిగా కనిపిస్తుంది. రెడ్-బ్రెస్టెడ్‌ది వెచ్చని లేత గోధుమ ఛాయ, గొంతు నుంచి రొమ్ము దాకా కలిసిపోయి ఉంటుంది. ఫొటోలో అన్నిటికంటే ఎక్కువ మోసం చేసేది ఈ గుర్తే. పచ్చని ఆకుల కింద ఉన్న పిట్ట రొమ్ముకు ఆకుపచ్చ అంటుకుంటుంది. సాయంత్రపు ఎండలో ఏ పిట్టయినా వెచ్చగానే వస్తుంది. అదే చెట్టు మీద, అదే సమయానికి, అదే సెట్టింగ్‌తో మామూలు పిట్ట ఒకదాన్ని ఫొటో తీసి జతచేయండి. రంగు ఎటు జరిగిందో చూసేవాళ్లు దాన్నిబట్టి లెక్క కట్టుకుంటారు.

గొంతు మీద ఎరుపు లేకపోవడం గురించి: రెడ్-బ్రెస్టెడ్ పెద్ద మగపిట్టకు ఎరుపు ఏడాది పొడుగునా ఉంటుంది. టైగా మగది సంతానకాలం అయ్యాక దాన్ని పోగొట్టుకుంటుంది. అంటే శీతాకాలంలో ఎరుపు లేని పిట్ట టైగాలో ఏదైనా కావచ్చు, రెడ్-బ్రెస్టెడ్‌లో అయితే ఆడదో ఏడాది నిండని మగదో కావాలి. అందుకని వయసు కూడా చూడండి. రెక్క మీది పెద్ద కప్పు ఈకల కొనలకు, వీపు పక్కన ముడుచుకునే లోపలి ఈకల కొనలకు లేత చుక్కలుంటే అది ఈ ఏడు పుట్టిన పిట్ట. కాశ్మీర్ ఫ్లైక్యాచర్ శీతాకాలం గడిపే చోట్లకో, అది వలస పోయే దారికో దగ్గర్లో ఉంటే దాన్ని కూడా ఒక వాక్యంలో తోసిపుచ్చాల్సిందే.

ఫొటోల విషయం. వెలుతురు, కాంట్రాస్ట్ సరిచేయడం తప్పు కాదు. సరిచేసినదాంతో పాటు ఏమీ ముట్టుకోని అసలు ఫొటో కూడా పెట్టండి, ఏం మార్చారో ఒక లైను రాయండి. ఏఐతో నాయిస్ తీసే, షార్ప్ చేసే టూళ్లు మాత్రం అస్సలు వాడొద్దు. అవి ఉన్న ఈకను తేటపరచవు, ఈక ఇలా ఉండొచ్చని కొత్తగా గీస్తాయి. ముక్కు మొదలు, ఈకల అంచులు, రెక్క చారలు, అంటే సరిగ్గా మన నిర్ణయం ఆధారపడే చోట్లే గీస్తాయి. మసగ్గా ఉన్న నిజమైన ఫొటో, తేటగా ఉన్న కల్పిత ఫొటో కంటే ఎన్నో రెట్లు నయం. పనికిరావనుకున్న మిగతా 19 ఫొటోలు చెరపకండి. మసక ఫొటోలో తోకపై ఈకల నలుపు తేటగా తెలిసిన సందర్భాలు బోలెడు.

తీసేటప్పుడు రా ఫైల్ (కెమెరా కుదించని అసలు ఫైల్) పెట్టుకోండి, వైట్ బ్యాలెన్స్ తర్వాత సరిచేసుకోవచ్చు. ఇంత చురుకైన పిట్టకు షటర్ వేగం 1/500 కంటే తగ్గితే తల కదిలిపోతుంది. ఐఎస్‌ఓ 3200 అయినా పరవాలేదు, నాయిస్ వల్ల రికార్డు పోదు, కదలిక వల్ల పోతుంది. ఆకాశం వెనక ఉంటే ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ దాకా పెంచండి, లేకపోతే ఏ పిట్ట తోకపై ఈకలైనా నల్లగానే వస్తాయి. ఇది మీ కేసులో ప్రాణం లాంటి విషయం. కెమెరా గడియారం తప్పుగా ఉందేమో చూడండి. సెకన్లు కనిపించేలా ఫోన్ గడియారాన్ని ఒక ఫొటో తీసి పెట్టుకుంటే, తేడా ఎంతో ఎప్పటికైనా లెక్కగట్టొచ్చు. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటోలో తీసిన సమయం, చోటు లాంటి సమాచారం ఊడిపోతుంది, ఫొటో కుంచించుకుపోతుంది. అసలు ఫైల్ అడిగినవాళ్లకు డాక్యుమెంట్‌గానో డ్రైవ్ లింకుగానో పంపండి.

వీడియో కూడా ఒకటి తీయండి, నిమిషం చాలు. తోక ఆడించే తీరు, కూత, ఫొటోకు చిక్కని కోణాలు అన్నీ అందులోనే దొరుకుతాయి.

గరగర:

ఆడియో గురించి నేను చెబుతాను, ఎందుకంటే ఈ జంట విషయంలో ఫొటో కంటే కూతే తొందరగా తేలుస్తుంది. టైగా గరగర వేగంగా, పొడిగా, పురుగు రొదలా ఉంటుంది. చెవికి విడివిడి టక్కులు అందవు. రెడ్-బ్రెస్టెడ్‌ది నెమ్మదిగా, కాస్త మెత్తగా, ఒక్కో టక్కూ దాదాపు లెక్కపెట్టేలా సాగుతుంది. "వేగంగా ఉంది" అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. వేగం స్పెక్ట్రోగ్రామ్ (ధ్వనిని బొమ్మగా చూపే పటం) మీద కొలవాల్సిన విషయం.

ఆడాసిటీ గానీ, కార్నెల్ విశ్వవిద్యాలయం వాళ్లు ఉచితంగా ఇచ్చే రావెన్ లైట్ గానీ, ఈ ఆడియో ప్రోగ్రాముల్లో ఒకటి వేసుకోండి. కూత దగ్గరికి జూమ్ చేసి, అడ్డంగా అర సెకను మాత్రమే తెర నిండా వచ్చేలా చాచండి. విండో సైజు (ఒక్కోసారి లెక్కకు తీసుకునే ధ్వని ముక్క) చిన్నది, 256 లేదా 512 పెట్టండి. పెద్ద విండో పెడితే టక్కులన్నీ కలిసిపోయి ఒకే మరకలా కనిపిస్తాయి, అప్పుడు ఏ ఫ్లైక్యాచరైనా టైగాలాగే అనిపిస్తుంది. ఈ పొరపాటు తరచూ జరుగుతుంది. ఒక గరగరలో నిలువు గీతలు ఎన్ని, మొదటి గీత నుంచి చివరి గీతకు ఎంత సమయం, భాగిస్తే సెకనుకు ఎన్ని అన్నది వస్తుంది. కనీసం ఐదారు కూతలకు కొలవండి, ఒకటి రెండు కాదు. పక్షి కూతలు దాచే జెనో-కాంటో సైటులో రెండు జాతుల రికార్డింగులూ దండిగా ఉన్నాయి. అక్కడి నుంచి ఒక్కో జాతికి నాలుగైదు తీసుకుని, అదే విండో, అదే స్కేలుతో కొలిచి పక్కపక్కన పెట్టండి. మీ అంకె ఏ గుంపులో పడిందో చూసేవాళ్లు వాళ్లే చూసుకుంటారు. పాత రికార్డింగులు జాతులు విడదీయకముందు పేరు పెట్టినవి ఉండొచ్చు కాబట్టి, సంతానకాలంలో వాటి సొంత ఇలాకాలో తీసినవే పోలికకు ఎంచుకోండి.

ఇంకోసారి తీసేటప్పుడు: వావ్ ఫార్మాట్, 44.1 లేదా 48 కిలోహెర్ట్జ్. ఎంపీ3 వద్దు, పై పౌనఃపున్యాలను అది కోసేస్తుంది. ఫోన్ రికార్డర్లలో చాలావాటికి మనిషి మాట కోసం పెట్టిన నాయిస్ తగ్గింపు ఉంటుంది. పొడి గరగరను అది చప్పుడనుకుని నొక్కేస్తుంది, కాబట్టి దాన్ని ఆపేయండి. ఐఫోన్ వాయిస్ మెమోస్‌లో ఆడియో నాణ్యత సెట్టింగ్‌ను లాస్‌లెస్‌కు మార్చండి. ఫోన్‌ను వేళ్లతో నిమరకుండా కదలకుండా పట్టుకోండి, ఆ రాపిడి అంతా రికార్డవుతుంది. పిట్ట ఆగాక చివర్లో మీ గొంతుతో తేదీ, సమయం, చోటు, దూరం, కూసిన పిట్ట కంటికి కనిపించిందా లేదా అన్నది చెప్పండి. ఈ ఆఖరి మాట చాలా అవసరం. పక్క కొమ్మ మీది ఏట్రింత (డ్రోంగో) గానీ గోరింక గానీ ఇంకో పిట్ట కూతను అనుకరించొచ్చు. కూస్తూ ఉండగా ముక్కు కదలడం చూశారా లేదా అన్నది అప్పుడే తేలుతుంది.

అప్‌లోడ్‌కు ముందు కూతకు అటూ ఇటూ మూడేసి సెకన్లు ఉంచి కత్తిరించండి. పీక్‌ను, అంటే అన్నిటికంటే పెద్ద చప్పుడు స్థాయిని, మైనస్ 3 డెసిబెల్స్‌కు సరిచేయండి (నార్మలైజ్). నాయిస్ తీసేయవద్దు, వేగం మార్చవద్దు. అసలు ఫైల్ విడిగా దాచండి.

మెర్లిన్ గురించి అడిగారు. మెర్లిన్ పేరు చూపడం ఒక కబురు మాత్రమే, అటు చూడు అని చెప్పడం లాంటిది. సాక్ష్యం మాత్రం కాదు. కూతలు ఇంత దగ్గరగా ఉండే జంటల్లో యాప్ ఒకటి అనుకుని ఇంకొకటి చూపడం మామూలే. ఈబర్డ్ కూడా యాప్ చెప్పిందని మాత్రమే నమోదు చేయొద్దనే అంటుంది. కానీ అది రికార్డు చేసిన ఆడియో మాత్రం బంగారం, ఆ ఫైల్ యాప్‌లోనే ఉంటుంది. దాన్ని ఎగుమతి చేసి పైన చెప్పినట్టు కొలవండి. వివరాల్లో మెర్లిన్ అనే మాట లేకుండానే మీ వాదన నిలబడాలి.

ఇంకొకటి, ఎవరికీ వెంటనే తట్టనిది. పిట్ట కబురు విని ఇంకెవరైనా వచ్చి ఫోన్‌లో టైగా కూత వినిపిస్తే, మీ రికార్డింగులో పడేది ఆ స్పీకరే. స్పెక్ట్రోగ్రామ్‌లో అది పట్టుబడుతుంది: ఒకే కూత అచ్చుగుద్దినట్టు మళ్లీ మళ్లీ వస్తుంది, చాలాసార్లు 16 కిలోహెర్ట్జ్ దగ్గర గీత గీసినట్టు ఆగిపోతుంది. మీ మొదటి రోజు ఆడియో, ఎవరూ రాకముందు తీసింది, అందుకే అన్నిటికంటే విలువైనది.

కాలిరింగు:

సమీక్షకుల వైపు నుంచి చూస్తే ఎలా ఉంటుందో చెబుతాను. ఈబర్డ్‌లో ప్రతి ప్రాంతానికి, ప్రతి నెలకు, ప్రతి జాతికి ఒక పరిమితి పెట్టి ఉంటుంది. దాన్ని దాటితే యంత్రం జెండా ఎత్తుతుంది. మిమ్మల్ని అనుమానించి కాదు, అంకెను చూసి. తర్వాత ఆ ప్రాంతపు స్వచ్ఛంద సమీక్షకులు చూస్తారు. నిర్ధారణ అయ్యేదాకా మీ రికార్డు మీ జాబితాలో ఉంటుంది గానీ పబ్లిక్ పటాల్లోకి ఎక్కదు. అది తిరస్కరణ కాదు. దేశంలోనే కొత్తదైతే చాలా చోట్ల విడిగా రికార్డుల కమిటీ ఉంటుంది. బ్రిటన్‌లో 1959 నుంచి పనిచేస్తున్న రేరిటీస్ కమిటీ అలాంటిదే, సభ్యులు ఫైలు చూసి ఓటేస్తారు. 2003 ఏప్రిల్‌లో ఫ్లాంబరోలో దొరికిన టైగా ఫ్లైక్యాచర్‌ను ఆ దేశపు మొదటి రికార్డుగా ఒప్పుకున్నదీ అలాంటి పరిశీలన తర్వాతే. పిట్టను చూడని, మిమ్మల్ని ఎరగని మనిషి, పదిహేనేళ్ల తర్వాత ఫైలు తెరిచి, మీ పేరు చూడకుండానే అదే నిర్ణయానికి రాగలగాలి. వాళ్లు చూసేది అదొక్కటే.

ఇంత పట్టింపు ఎందుకంటే దెబ్బలు తిన్నాం గనుక. ఇంగ్లాండులో హేస్టింగ్స్ చుట్టుపక్కల 1892 నుంచి 1930 దాకా దొరికాయన్న అరుదైన పిట్టలు లెక్కకు మించి ఉన్నాయి. 1962లో గణాంకాలతో పరిశీలిస్తే ఆ సంఖ్య సహజంగా సాధ్యం కాదని తేలి, రికార్డుల్ని గంపగుత్తగా కొట్టేయాల్సి వచ్చింది. పిట్టల చర్మాలు సేకరించిన బ్రిటిష్ సైనికాధికారి రిచర్డ్ మైనర్జ్‌హాగన్ మ్యూజియానికి ఇచ్చిన రెడ్‌పోల్ పిట్టల చర్మాలకు దొంగ లేబుళ్లు తగిలించాడని 1993లో పక్షి పరిశోధకుడు అలన్ నాక్స్ నిరూపించాడు, చర్మం కుట్టిన తీరు లేబుల్ మీద రాసినదానితో కుదరలేదు. ఆ మోసాల్లో ఎక్కడో కొన్ని నిజమైన రికార్డులు కూడా కలిసి ఉండొచ్చు. వాటిని వేరుచేసే ఆధారం లేక అవీ పోయాయి. నిజాయితీగా చూసిన మనిషికి జరిగే అన్యాయం అది. ఇంకో వైపు, సరిగ్గా నమోదైన రికార్డులు పోగుపడితే ఏం జరుగుతుందో రిచర్డ్స్ పిపిట్ చూపింది. సైబీరియా వైపు నుంచి పడమటి యూరప్‌కు దారితప్పి వచ్చిందనుకున్న పిట్ట, అక్కడే ఏటేటా శీతాకాలం గడపడానికి కొత్త వలసదారి వేసుకుందని 2021లో పరిశోధకులు తేల్చారు. మీ ఒక్క పిట్ట అలాంటి దానికి మొదటి చుక్క కావచ్చు.

రాసేటప్పుడు చోటు విషయం గమనించండి. మూడు కిలోమీటర్లు నడిచి ఒకే చెక్‌లిస్ట్ (ఈబర్డ్‌లో పెట్టే, చూసిన పిట్టల జాబితా) పెడితే పిట్ట ఆ మూడు కిలోమీటర్లలో ఎక్కడుందో ఎవరికీ తెలియదు. ఆ చెట్టు దగ్గర ఆగిన సమయానికి విడిగా చెక్‌లిస్ట్ పెట్టండి, అక్షాంశ రేఖాంశాలు వివరాల్లో రాయండి. రోజుకో చెక్‌లిస్ట్ పెట్టండి. పిట్ట కనబడని రోజు కూడా పెట్టండి, ఎప్పుడు వెళ్లిపోయిందో తెలిసేది దానివల్లే.

పంజరం నుంచి తప్పించుకున్నదేమో అన్న ప్రశ్న ఎప్పుడూ వస్తుంది. పురుగులు తినే ఫ్లైక్యాచర్లు పెంపకంలో అరుదు గనుక మీకు ఇది తేలిగ్గా దాటే గడప. ఇదే మునియా, ఫించ్, బంటింగ్, షామా అయితే చాలా కష్టం. అయినా కాళ్లు రెండూ ఫొటోలో రావాలి. పరిశోధకులు వేసే రింగుకు అతుకు ఉంటుంది, అక్షరాలూ అంకెలూ ఉంటాయి. పెంపకందార్లు వేసేది అతుకు లేని మూసిన రింగు, పిల్లప్పుడే తొడిగేది. తోక కొనలు విరిగి ఉండటం, ముక్కు అతిగా పెరగడం, నుదుటి ఈకలు అరిగి ఉండటం పంజరం ఆనవాళ్లు. ఇవి లేవని రాయడం కూడా సమాచారమే.

కంపచెట్టు:

అందరికీ ధన్యవాదాలు. ఫొటోలు మళ్లీ చూశాను. వీపు వైపు నుంచి ఉన్నది ఒక్కటే. అందులో తోకపై ఈకలు నల్లగానే ఉన్నాయి, కానీ వెనక ఆకాశం. ముక్కు పక్క నుంచి తేటగా ఉంది, లేత రంగు కనబడలేదు. ఆడియోలో కూత తొమ్మిదిసార్లు ఉంది, కొలవడం మొదలుపెట్టాను. పిట్టకు దగ్గరగా వెళ్లకుండా తోకపై ఈకలు తీయడం ఎలా? కింద పడిన రెట్ట గానీ ఈక గానీ దొరికితే డీఎన్‌ఏకి పనికొస్తుందా?

తెల్లరెప్ప:

ఆకాశం ముందు తీసిన నలుపును సాక్ష్యంగా చూపకండి, ఉన్నట్టు మాత్రం జతచేసి "వెనక వెలుతురు ఉంది" అని రాయండి. ఫ్లైక్యాచర్ కొన్ని ఇష్టమైన కొమ్మల మీదికే పదేపదే వస్తుంది. అరగంట కదలకుండా గమనించి, ఆ కొమ్మలేవో గుర్తుపెట్టుకోండి. సూర్యుడు మీ వీపు వైపు ఉండి, కొమ్మ వెనక ముదురు ఆకులుండే చోటు చూసుకుని, 12, 15 మీటర్ల దూరంలో కూర్చోండి. నిల్చోకండి. పురుగు కోసం నేల మీదికి దిగి మళ్లీ కొమ్మెక్కేటప్పుడు వీపు చూపిస్తుంది, రెక్కలు జారవిడిచి తోక ఎత్తేది కూడా అప్పుడే. మీరు దాని వెంట నడిస్తే ఎప్పుడూ పైకి, ఆకాశం వైపుకే పోతుంది, ఫొటో మళ్లీ పాడవుతుంది.

గరగర:

కూత వినిపించి దగ్గరికి రప్పించే పని మాత్రం పెట్టుకోకండి. పరాయిచోట, తక్కువ తిండితో బతుకుతున్న పిట్ట అది. లేని ప్రత్యర్థి కోసం వెతకడంలో దాని పొద్దు పోతుంది. పైగా ఆ తర్వాత అది చేసిన కూత సహజమైనదా, వినిపించినదానికి బదులా అన్న చర్చ మొదలవుతుంది.

కాలిరింగు:

డీఎన్‌ఏ: రెట్ట, రాలిన ఈక రెండూ పనికొస్తాయి. చూడగా చెప్పలేని కొన్ని వార్బ్లర్లు, స్టోన్‌చాట్‌ల రికార్డుల్ని అలా తేల్చారు. కానీ పిట్ట రెట్ట వేయడం కళ్లారా చూసి, అదే రెట్ట తీసుకుంటేనే విలువ. చెట్టు కింద దొరికినది ఎవరిదో చెప్పలేం. చేత్తో ముట్టకుండా శుభ్రమైన పట్టకారుతో తీసి, రెట్టనైతే 95 శాతానికి తగ్గని ఎథనాల్ ఉన్న చిన్న గొట్టంలో వేసి చల్లగా దాచాలి. ఈకనైతే కాగితపు కవరులో పొడిగా ఉంచాలి, ప్లాస్టిక్ సంచిలో చెమ్మకు కుళ్లిపోతుంది. కవరు మీద తేదీ, సమయం, చోటు, ఎవరు తీశారు అన్నది అప్పుడే రాయాలి. అడవి పిట్ట ఈక దగ్గర పెట్టుకోవడం కూడా కొన్ని దేశాల చట్టంలో నేరం, అమెరికాలో 1918 నాటి వలస పక్షుల చట్టం కింద అంతే. కాబట్టి అనుమతి ఉన్న పరిశోధకులతో ముందు మాట్లాడుకోండి.

తెల్లరెప్ప:

నా ఉద్దేశంలో ఈ పిట్టకు డీఎన్‌ఏ దాకా పోనక్కర్లేదు. తొమ్మిది కూతలు, తోకపై ఈకల ఫొటో ఒకటి సరిగ్గా వస్తే చాలు. రెట్ట కోసం చెట్టు కింద కాచుకుంటే పిట్ట ఆ చెట్టే వదిలేస్తుంది, మిగతా ఆధారాలు కూడా చేజారతాయి. వరుసలో అది చివరిది.

కాలిరింగు:

ఒప్పుకుంటాను, కూత కొలతలు రెండు జాతుల మధ్యలో పడితే తప్ప వద్దు.

చోటు చెప్పడం గురించి ఎవరూ జవాబివ్వలేదు. గూడు కట్టే పిట్టయినా, వలవేసేవాళ్లు వెతికే జాతి అయినా చెప్పకూడదు. అలాంటి కొన్ని జాతులకు ఈబర్డ్ తనంతట తనే చోటు దాస్తుంది, ఫ్లైక్యాచర్ ఆ కోవలోది కాదు. శీతాకాలంలో దారితప్పి వచ్చిన పిట్ట చోటు చెప్పడమే మంచిది, ఇంకో ముగ్గురు విడిగా చూసి రాస్తే రికార్డు బలపడుతుంది. అయితే ఆ నేల ఎవరిదో వాళ్లను ముందు అడగండి. జనం ఎక్కడ నిల్చోవాలి, ఏ గట్టు దాటకూడదు అన్నది చోటుతో పాటే రాయండి. వచ్చినవాళ్లకు మీ నోట్సు చూపించకండి, వాళ్ల వర్ణన వాళ్లను రాయనివ్వండి. ముగ్గురూ ఒకే వాక్యాలు రాస్తే అది ముగ్గురి సాక్ష్యం కాదు, ఒకరి సాక్ష్యమే.

తెల్లరెప్ప:

పిట్ట శీతాకాలం చివరి దాకా నిలిస్తే వారానికోసారి గొంతు ఫొటో తీస్తూ ఉండండి. టైగా మగది అయితే సంతానకాలానికి ముందు ఈకలు మార్చుకుని గొంతు మీద ఎరుపు తెచ్చుకుంటుంది, దాని చుట్టూ బూడిద రంగు పట్టీ వస్తుంది. రెడ్-బ్రెస్టెడ్‌లో అయితే ఆ ఎరుపు రొమ్ము మీదికి దిగుతుంది. రేపు మొదట ఆకాశం లేని నేపథ్యంలో వీపు వైపు ఫొటో, కూత లెక్కలు చూసుకోండి. అవి వచ్చాక వివరాల పెట్టెలో రాసేది ఇక్కడ పెట్టండి, పంపేముందు చదివి చెబుతాం.